చొరకాయల వారి ఊరు

మా మనవడు నానిగాడికి మొన్న మొన్నటిదాకా రోజూ పొద్దున్నే రెండు పిలకలు వేసి రిబ్బన్లు కట్టేవాళ్లం. "పాప పేరేంటండీ?" అని కాకినాడలో మా వీధి వీధంతా అడిగింది. వాడికి రోషం వచ్చి "నేను అబ్బాయినీ!" అని అరిచేవాడు. అరిస్తే మాత్రం ఏం లాభం, పిలకలు పిలకలే కదా. దీనంతటికీ కారణం మా మేనత్త సుందరమ్మ.

పుట్టువెంట్రుకలు ఇలవేల్పు దగ్గరే తీయించాలంటారు. మాకు ఇలవేల్పు ఎవరో తెలియదు. మా ముత్తాత మునస్వామి కరువుకాలంలో పెళ్లాన్నీ చంటిపిల్లాణ్నీ వెంటబెట్టుకుని చిత్తూరు జిల్లా నుంచి కాకినాడ వచ్చేశాడు. ఏ ఊరు తాతా మనది అంటే "ఆడ ఏముండాదిలే" అని మాట తప్పించేవాడట. ఆ చంటిపిల్లాడే మా తాత, అంటే అత్తయ్యకి నాన్న. ఇలవేల్పు తెలియక మా నాన్న జుట్టు, నా జుట్టు, మా అబ్బాయి జుట్టు, అన్నీ అన్నవరం కొండ మీదే తీయించేశారు. అందుకే నా పేరు సత్యం. నానిగాడి దగ్గరికొచ్చేసరికి అత్తయ్య అడ్డం తిరిగింది.

"మా నాన్న పోయేముందు ఒక్కటే మాటన్నాడురా. 'మన దేవుణ్ణి మర్చిపోయాం అమ్మాయ్' అని. ఈ పిల్లాడి జుట్టు మాత్రం మన దేవుడి దగ్గరే దిగాలి."

"పెళ్లయి యాభై ఏళ్లు దాటింది. మీ అత్తారి ఇలవేల్పే కదా నీ ఇలవేల్పు. నీకెందుకత్తా ఈ గొడవ?" అన్నాను. ఆవిడ కళ్లజోడు మీంచి నన్నొక చూపు చూసింది.

శ్రావణం ఆఖరికి వాడికి మూడో ఏడు నిండుతుంది. దాటిందంటే ఐదో ఏడే. "ఐదో ఏటికి నేనుంటానో ఉండనో" అని డెబ్భై ఐదేళ్ల మనిషి అంటే ఇంట్లో ఎవరం కాదనగలం? అలా మండే ఎండల్లో అత్తయ్యా నేనూ తిరుపతి బండెక్కాం. మా దగ్గరున్న ఆధారాలు వింటే నవ్వుతారు. జిల్లా పేరు తెలుసు. మా ఇంటిపేరు చొరకాయల. ఇంకోటి, మా ఇంట్లో ఆనపకాయ తినరు. ఎందుకు తినరో తెలియదు. చొరకాయలంటే ఏ కాయలో కూడా తెలియదు. బడిలో పిల్లలు అడిగితే అదో అడవి కాయలే అని కోసేవాణ్ణి.

బండిలో అత్తయ్యకి పాత కబుర్లు పొంగుకొచ్చాయి. "మా తాత మాట్లాడితే మాకు నవ్వాగేది కాదురా. సముద్రాన్ని చముద్రం అనేవాడు. సంతకి వెళ్తూ చంతకి వెళ్లొస్తా అనేవాడు."

"నాలుక మందమా?"

"మందమేం కాదు. వచ్చిన కొత్తలో మనవైపు జనం ఆయన యాసకి నవ్వారట. మహా పట్టింపు మనిషి. అప్పట్నుంచీ తప్పు దొర్లకూడదని ఒక్కో మాటా ఒత్తి ఒత్తి పలికేవాడు."

ఆయన బతికుంటే నన్ను చత్యం అని పిలిచేవాడు కాబోలు అనుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు దగ్గరే ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే మాకు చాలా తిరుగుడు తప్పేది.

అలిపిరి

తిరుపతిలో దిగి, కొండ ఎక్కకపోయినా మొదటి మెట్టుకి దండం పెట్టుకుందామని అలిపిరి వెళ్లాం. మల్లెపూలు అమ్మే ఆవిడ మూర నలభై అంది. మా కాకినాడలో అయితే ఇరవై అంది అత్తయ్య. "అయితే ఆడే కొనుక్కో పోమ్మా" అని ఆవిడ నవ్వేసి, నవ్వుతూనే జానెడు ఎక్కువ కొలిచి ఇచ్చింది. వెంటనే "ఏ ఊరు మీది?" అంది.

ఇది ఈ సీమ పద్ధతి. మావైపు కొత్తవాళ్లు కనబడితే ముందు "భోజనం చేశారా అండీ" అంటాం. ఇక్కడ ముందు ఊరు కావాలి, తర్వాతే మిగతా మనిషి. పూలావిడ అడిగింది, టీ కొట్టతను అడిగాడు, చెప్పుల దగ్గర కూర్చున్న ముసలాయన అడిగాడు. అత్తయ్య అందరికీ ఒకే జవాబు చెప్పింది. "మాది కాకినాడ లెండి." ఆ "లెండి" దగ్గర గొంతు కాస్త దిగేది.

మెట్ల దగ్గర నీడలో నామాలు పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన చోటు దొరికింది. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారట. మా కథంతా విని అరచేయి ఊపేశారు.

"ఇలవేల్పు తెలియనోళ్లకంతా ఈయనే ఇలవేల్పు తల్లీ. పిల్లోణ్ణి తెచ్చి కొండపైన గుండు కొట్టించేయండి. ఇంకెందుకు ఎతుకులాట?"

"ఆయన లోకానికంతటికీ దేవుడండి. ఆయన గుమ్మంలో కోటి మందిలో నేనొకదాన్ని," అంది అత్తయ్య. "మమ్మల్ని ఇంటిపేరు పెట్టి గుర్తుపట్టే దేవుడు ఒకరుండాలి కదండి."

ఆయనకి ఆ మాట భలే నచ్చింది. "ఇంతకీ ఇంటిపేరేంది?"

"చొరకాయల."

"సొరకాయలా?"

"స కాదండి, చ. చొరకాయల," అని నేను దిద్దాను.

"అదే కదప్పా నేనూ అనింది," అన్నారాయన. పాపం ఇక్కడివాళ్లకి చ పలకదు అనుకున్నాను. ఆయనే మంచి దారి చెప్పారు. పొలం అమ్మకుండా ఎవరూ ఊరు వదిలిపోరనీ, అమ్మిన కాగితం రిజిస్టరై ఉంటుందనీ, చిత్తూరులో పాత సూచికల్లో ఇంటిపేర్లు అక్షరాల వరసలో ఉంటాయనీ. లేచేటప్పుడు పొట్లంలోంచి పులిహోర తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టారు. మా గోదావరి పులిహోరలో ఆవ ఘాటు ఉంటుంది. దీంట్లో మిరియం ఘాటు. అత్తయ్య రెండోసారి కూడా చెయ్యి చాపింది.

చిత్తూరు

చిత్తూరు పొలిమేరల్లో మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలబడి ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరస. డ్రైవర్లు ట్రాక్టర్ల కిందే దుప్పటి పరుచుకుని పేకాడుతున్నారు. ఊరంతా తోతాపురి వాసన. బస్సు దిగుతుంటే అత్తయ్య చెప్పు తెగింది. కుట్టేవాడు దారం పళ్లతో తెంపుతూ అడిగాడు, ఏ ఊరని. "కాకినాడ లెండి."

రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాకు దొరికిన అమ్మాయి ఎంతో మంచిది. ఫ్యాను మావైపు తిప్పి, అత్తయ్యకి కుర్చీ వేసి, దరఖాస్తు తీసుకుంది.

"ఇంటిపేరు స తోనే కదా సార్?"

"కాదమ్మా. చ. చక్రం చ."

"సొరకాయల అనుకుంటినే."

"చొ. చొక్కాలో చొ," అని చొక్కా పట్టుకుని మరీ చూపించాను. ఆ అమ్మాయి నా చొక్కా వంకా నా వంకా చూసి, ఇంకేం అనకుండా చ సూచికలు తెచ్చిపెట్టింది.

చింతగుంటలున్నారు, చెరుకూరివారున్నారు, చొక్కలింగాలు ఉన్నారు. పురుగులు కొరికిన అట్టలు, దుమ్ముకి తుమ్ములు. అత్తయ్యకి కళ్లజోడు ఉన్నా అక్షరాలు ఆనవు, అయినా నా భుజం మీంచి తొంగిచూస్తూ "అదిగో" అనేది. అది ప్రతిసారీ చోడవరమో మరొకటో అయ్యేది. మధ్యలో మామయ్య ఫోను, కాఫీ పొడి ఎక్కడుందని. "పంచదార వెనకాల" అంది. కాసేపటికి మళ్లీ ఫోను, పంచదార ఎక్కడుందని.

సాయంత్రానికి చ అయిపోయింది. చొరకాయలవాళ్లు ఒక్కరు లేరు. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని "యాడా ల్యా సార్" అంది. మర్నాడు కూడా ఇంకో దస్త్రం తిరగేశాం, చ లోనే. అందులోనూ లేరు. బయటికొచ్చాక అత్తయ్య మెట్ల మీద కూర్చుండిపోయింది. చివరికి "పద. కొండమీదే తీయించేద్దాం. అలిపిరిలో ఆ పెద్దాయన చెప్పారుగా" అంది. ఆవిడ అలా ఓడిపోయినట్టు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పూతలపట్టు

తిరుపతి వెళ్లే బస్సు పూతలపట్టు దగ్గర టైరు పంక్చరై ఆగిపోయింది. దేవుడు అప్పుడప్పుడు టైర్లలో కూడా ఉంటాడు. కూడలిలో ఒక చిన్న మెస్సు కనబడితే భోజనానికి దూరాం. నడిపే ఆవిడ పేరు రెడ్డెమ్మ. వంట ఆవిడే, వడ్డన ఆవిడే, తిట్లూ ఆవిడే.

"అన్నమా, సంగటా?"

సంగటి అన్నాం. పిడికిలంత కాదు, చిన్న బంతంత ముద్ద వచ్చిపడింది. ఎనభై రూపాయలకి ముద్ద మీద ముద్ద. నేను నమలబోతే రెడ్డెమ్మ కసిరింది. "నమలకూడదబ్బా! సేత్తో తుంచు, సెట్నీలో అద్దు, మింగేయ్. పండ్లతో పనేంది దానికి?"

అత్తయ్య కాస్త తేరుకుంది. నా చెవిలో గుసగుసగా, "వింటున్నావా? చేత్తో అనడానికి సేత్తో అంటోంది. చట్నీని సెట్నీ అంటోంది" అంది.

"కూటు వేసేదా అమ్మా?" అని రెడ్డెమ్మ గరిటెతో వచ్చింది. "సొరకాయ కూటు. పెసరపప్పేసి సేసినా."

గరిటెలో ఏముందో చూసి అత్తయ్య విస్తరి పక్కకి లాక్కుంది. "ఆనపకాయా! వద్దమ్మా, అది మేం తినం."

"ఆనపకాయేంది? ఇది సొరకాయ. కావల్లంటే సూడు," అని రెడ్డెమ్మ లోపలికెళ్లి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒక నిండు ఆనపకాయని చంకనేసుకుని వచ్చింది. "సొరకాయ!" అని దాని వీపు మీద తట్టింది.

సొరకాయ అన్న మాట నేను విననిది కాదు. టీవీ వంటల్లో వస్తూనే ఉంటుంది. కానీ మా ఇంట్లో ఆ కాయా లేదు, మావైపు ఆ పేరూ లేదు. మొట్టమొదటిసారి ఆ కాయా ఆ పేరూ కలిసి నా కళ్లముందు నిలబడ్డాయి. చేతిలో సంగటి చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా, తాత సముద్రాన్ని ఏమనేవాడన్నావ్?"

"చముద్రం."

"సంతని?"

"చంత. ఇప్పుడెందుకురా అదంతా?"

"మరి సొరకాయని ఏమంటాడు?"

అత్తయ్య నోరు తెరిచింది. "చొర..." అని ఆగిపోయింది. కాయ వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత మొదలైంది నవ్వు, ఆపడం ఎవరి తరం? ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. పాపం ఆ ముసలాయన! చెప్పుని సెప్పు అన్నాడని కాకినాడ నవ్వింది. ఇక జన్మలో స అనకూడదని ఒట్టేసుకుని, దొరికిన ప్రతి స నీ చ చేసి పారేశాడు. తప్పు దిద్దుకోబోయి ఇంటిపేరే దిద్దేసుకున్నాడు మహానుభావుడు. కొడుకుని బడిలో వేసినప్పుడు అదే రాయించాడు. నాలుగు తరాల సర్టిఫికెట్లలో లేని కాయ పేరు మేం మోస్తున్నాం.

ఇంకా సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, అలిపిరిలో పెద్దాయన సరిగ్గానే అన్నారు, ఆఫీసులో అమ్మాయి సరిగ్గానే అంది. పనిగట్టుకుని వాళ్లకి ఉచ్చారణ నేర్పింది నేను. చొక్కా పట్టుకుని మరీ.

రెడ్డెమ్మకి విషయమంతా చెబితే నడుం మీద చెయ్యి వేసుకుని తీర్పు చెప్పింది. "సొరకాయలోళ్లు సొరకాయ యాడన్నా తింటారా? బో సెప్పొచ్చినారు!" టైరు మార్చి బస్సు హారన్ కొడుతున్నా మేం ఎక్కలేదు. రోడ్డు దాటి చిత్తూరు బస్సు కోసం నిలబడ్డాం.

మళ్లీ చిత్తూరు

మమ్మల్ని చూడగానే ఆ అమ్మాయి "స నా సార్?" అంది. తల వంచుకుని "స నే అమ్మా" అన్నాను. స సూచిక తెరిచిన కాసేపటికే దొరికాడు. సొరకాయల మునస్వామి. మా ముత్తాత పేరు మునస్వామే. ఊరు సంజమ్మకండ్రిగ.

"ఇంకోసారి చదువు," అంది అత్తయ్య. చదివాను. "ఇంకోసారి." ఆ అమ్మాయి మూడోసారి తనే చదివి వినిపించింది. "నీవా అనే ఏటి పక్కన అమ్మా. తమిళనాడు దగ్గరే. ఆటోలో పోయేయొచ్చు."

సంజమ్మకండ్రిగ

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కాం. ఏరంటే ఇసుకే. నీళ్లు ఎక్కడో మడుగుల్లో మిగిలాయి. ఆటో డ్రైవర్ సగం తమిళం, సగం తెలుగు మాట్లాడాడు. దేనికి నవ్వాలో తెలియక రెండింటికీ నవ్వాం. ఊళ్లో సొరకాయలవాళ్ల ఇల్లు అనగానే చెయ్యెత్తి చూపించారు. అరుగు మీద ఒక ముసలావిడ చాటలో బియ్యం ఏరుతోంది. ఎనభై పైనే ఉంటాయి. పేరు మునెమ్మ.

"రండమ్మా, కూకోండి. ఏ ఊరు మీది?"

"కాకినాడ లెండి," అంది అత్తయ్య, అలవాటు కొద్దీ. నేను అందుకుని మునస్వామి దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. తెచ్చుకున్న కాగితం తీసి చూపించబోయాను. మునెమ్మ దాని వంక చూడనే లేదు. అత్తయ్యనే చూస్తూ ఒకే ప్రశ్న వేసింది.

"సొరకాయ తింటారా?"

"తినం."

"పెండ్లయి వేరే ఇంటికి పోయినావు కదా. ఆడ తినలేదా?"

"వాళ్లు తింటారు," అంది అత్తయ్య. "యాభై ఏళ్లుగా తరుగుతున్నాను, వండుతున్నాను, వడ్డిస్తున్నాను. ఉప్పు చూడ్డానికి కూడా నాలిక్కి తగలనివ్వలేదు."

"అత్త తిట్టలేదా?"

"తిట్టింది. తిట్టనిచ్చాను. పుట్టింటి నుంచి నా దగ్గర మిగిలింది అదొక్కటే మరి."

ఈ మాట నాకు కూడా అప్పటిదాకా తెలియదు. ఎన్ని పండగలకి ఆవిడ ఇంట్లో తిన్నాను, ఎప్పుడూ గమనించలేదు. మునెమ్మ చాట పక్కన పెట్టి ఇంట్లోకి కేకేసింది. "ఎవురక్కడ? బయటికి రండి! మనోళ్లు వచ్చినారు!"

ఇక చూడాలి సందడి. మజ్జిగ, మామిడి ముక్కలు, వరసలు కలుపుకోవడం. లెక్కపెడితే మునెమ్మ అత్తయ్యకి వదిన అయింది. సాయంకాలం చల్లబడ్డాక అందరూ కలిసి ఏటి గట్టుకి తీసుకెళ్లారు. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, దాని మీద కొమ్మలకి ఎండిన సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి, చిన్నవీ పెద్దవీ. గాలికి ఒకదానికొకటి తగిలి డొల్లగా మోగుతున్నాయి.

"మన గంగమ్మ," అంది మునెమ్మ. "ఎప్పుడో ఏరు పొంగి ఊరంతా కొట్టకపోతా ఉంటే, మనోళ్లు సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకోని ఈదినారంట. పేణం కాపాడిన కాయను కొరుక్కోని తింటామా? ఇంట్లో బిడ్డకు పుట్టెంటికలు తీసినప్పుడల్లా ఈడ ఒక బుర్ర కడతాం. మీ తాత పొలం అమ్ముకోని, ఎవురికీ మొగం సూపించలేక పోయినాడంట. మొగం ల్యాకపోతే ఏమి, అమ్మ అడుగుతాదా?"

శ్రావణం రాగానే నానిగాణ్ణి తీసుకొస్తామని అక్కడే మొక్కుకున్నాం. అత్తయ్య ఫోను తీసి మామయ్యకి, మా ఆవిడకి, చివరికి నానిగాడికి కూడా చెప్పింది. వాడు అవతల్నుంచి "గుండా?" అని సంబరంగా అరిచాడు.

బయల్దేరుతుంటే మునెమ్మ ఆపింది. "ఆడబిడ్డ ఇంటికొచ్చి ఉత్త సేతులతో పోతుందా? మీ ఆయన ఉండాడు కదా?"

"ఉన్నాడు. పంచదార వెతుక్కుంటున్నాడు," అంది అత్తయ్య.

మునెమ్మ పసుపు తెచ్చింది. పొద్దున తను ఏరిన బియ్యంలోనే కలిపింది. రవిక గుడ్డ, కొబ్బరి చిప్ప, బెల్లం ముక్క, తమలపాకులు పెట్టుకుని నిలబడింది. మావైపు ఆడపడుచుకి చీర పెట్టి పంపిస్తాం. ఇక్కడ ఒడిబియ్యం పోస్తారు.

"పాపా, కొంగు పట్టు," అంది.

మా నాన్న పోయాక అత్తయ్యకి పుట్టిల్లు లేదు. మేమున్నాం, పండక్కి చీర పెడతాం, కానీ మేమంతా ఆవిడకంటే చిన్నవాళ్లం. ఆవిణ్ణి పాపా అని పిలిచేవాళ్లు భూమ్మీద ఎవరూ మిగల్లేదనుకున్నాం. డెబ్భై ఐదేళ్ల పాప కొంగు చాపి నిలబడింది. మునెమ్మ దోసిళ్లతో బియ్యం పోస్తుంటే కొంగు బరువెక్కింది. ఏ మాటకైనా మాట అప్పజెప్పే మనిషి కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, రెండు చేతులూ కొంగుకే ఉన్నాయి కదా. నేను తుడిచాను.

తిరుగు బండి

గూడూరులో ఒకావిడ ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చుంది. సామాను సర్దుకుని, మంచినీళ్లు తాగి, అత్తయ్య ఒళ్లో ఉన్న పసుపు మూట వంక చూసి అడిగింది. "ఏ ఊరు మామ్మగారూ మీది?"

నేను కాకినాడ అనబోయాను. అత్తయ్య మోచేత్తో పొడిచింది.

"మాది సంజమ్మకండ్రిగ," అంది. "చిత్తూరు పక్కన. ఏటి ఒడ్డున. మేం సొరకాయలవాళ్లం."

"అలాగా! ఇప్పుడు అక్కడ ఎవరున్నారు మీకు?"

అత్తయ్య మూటని కాస్త దగ్గరికి లాక్కుంది. "మా వదిన ఉంది," అంది. "నిన్ననే ఒడిబియ్యం పోసి పంపించింది."